పార్సిల్‌లో పంపిన దొర

కిషన్‌బాగ్,
జూన్ 4, 2023

చిరంజీవి నందినికి,

దొరికింది బిడ్డా, మా అమ్మ ఫొటో దొరికింది.

ఈ మాట మొదటి వరుసలో రాస్తేగానీ పెన్ను ముందుకు కదలనన్నది. ఇక క్షేమ సమాచారాలు. మీ అమ్మ సుశీలమ్మ క్షేమం, మోకాళ్లు తప్ప. మీ అన్న నందు క్షేమం, బర్రెలు క్షేమం. నందు బిడ్డ స్వీటీ కాలేజీకి వెళ్తున్నది. నా చెవులు ఎప్పటిలాగే బందు. నువ్వు ఫోన్ చేస్తే బాపుకు ఇవ్వమని అడుగుతున్నావట. ఇస్తే ఏం లాభం, ఫోనులో నాకు గాలి తప్ప ఏమీ వినబడదు. ఉత్తరమే రాయి.

నిన్న శనివారం కదా, లాడ్ బజార్ వెనక సందులో ఖలీల్ భాయ్ ఫ్రేముల దుకాణానికి వెళ్లాను. పాత ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు ఫొటోలతో సహా ఫ్రేములు తెచ్చి ఇస్తారు. ఆయన కర్ర, అద్దం ఉంచుకుంటాడు. లోపల నాటకాల్లో పద్యాలు పాడినవాళ్ల ఫొటో ఉంటే నా కోసం తీసి పక్కన పెడతాడు. ముప్పై ఏళ్లలో అట్లా నూట పన్నెండు మంది మన ఇంటికి వచ్చారు. ఇంట్లో మనుషుల కంటే పాటగాళ్లే ఎక్కువని మీ అమ్మ దెప్పుతుంది. నేను మెట్టు ఎక్కగానే ఆయన "ఆవో చాచా, ఆజ్ అమ్మీ మిల్ గయీ" అన్నాడు. ప్రతి శనివారం అనే మాటే, ఈ రోజు మీ అమ్మ దొరికిందని. నేను పెదవులు చూసి తెలుసుకుంటాను. కానీ నిన్న నవ్వకుండా అన్నాడు.

దళసరి అట్టకు అంటించిన ఫొటో. పట్టుచీర, వడ్డాణం, చేతిలో తామరపువ్వు. ఎంత అందం బిడ్డా. అట్ట వెనక ఊదారంగు ముద్ర: కోకిల విలాస నాటక సమాజం, హైదరాబాదు మకాం, 1946. మా అమ్మ మాణిక్యమ్మ పాడిన కంపెనీ అదే. యశోద మేనత్త నా చిన్నప్పటి నుంచి చెప్పే మాట నీకూ తెలుసు. "గా కంపెనీల పద్యం పాడే ఆడమనిషి మీ అమ్మ ఒక్కతే రా" అని. ఒక్కతే అయినప్పుడు ఈ ఆడమనిషి ఇంకెవరవుతుంది? ముక్కు కూడా నా ముక్కే అని మీ అమ్మ ఒప్పుకున్నది.

నాకు రెండేళ్లున్నప్పుడు జ్వరంతో పోయింది. డెబ్బై నాలుగేళ్లకు అమ్మ ముఖం చూశాను. మా నాయన లక్ష్మయ్య ఒక్క ఫొటో అయినా దాచి ఉంటే ఇన్నేళ్లు తిరిగేవాడినా? మా నాయనమ్మ పొయ్యిలో వేయమన్నదట, వేశాడట. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది, ఆ కోపం మాత్రం నాలో పోలేదు. సరే, ఈ పూట దాన్ని రాయను.

అమ్మను హాల్లో తలుపు ఎదురుగా ఉన్న మేకుకు పెట్టాను. అక్కడున్న దొరను దించాల్సి వచ్చింది. అదే, మా నాయన పాలు పోసిన దేవిడీ బంగళా దొర. మఖమల్ కోటు, తలపాగా, సన్నని మీసం, కత్తి మీద చెయ్యి. ఆయన ఉప్పు తిన్నామని మా నాయన రోజూ ఊదుబత్తి వెలిగించి మా చేత కూడా దండం పెట్టించేవాడు. పారేయడానికి మనసు రాదు, మిగిలిన గోడంతా పాటగాళ్లే. నీ హాస్టల్ గది బోసిగా ఉన్నదన్నావు కదా, అందుకే నీకు పార్సిల్ చేశాను. ఆయన చూపు ఎటు పోతే అటు వస్తుంది. పిల్లలు భయపడితే గుడ్డ కప్పు.

మేనత్తకు నేనే వెళ్లి చెప్తాను. మిగతావాళ్లకు ఫోన్లు నువ్వే చేయాలి.

పట్టరాని సంతోషంతో,
మీ బాపు బాలనర్సింహ


ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు,
జూన్ 13, 2023

బాపూ,

నీ ఉత్తరం, నీ దొర ఒక్కరోజే దిగారు. ఉత్తరం మూడుసార్లు చదివాను. మాట్లాడితే కిషన్‌బాగ్ మనిషివి, పెన్ను పట్టగానే ఏడో తరగతి తెలుగు వాచకం అవుతావు. మీ సారు బెత్తం ఇంకా గుర్తున్నట్టుంది.

నానమ్మ ఫొటో స్వీటీ ఫోనులో పంపింది. ఇక్కడ టవర్ మా స్కూలు వంటగది మెట్ల మీద మాత్రమే దొరుకుతుంది, అక్కడే నిలబడి చూశాను. ఎంత బలమైన చేతులు బాపూ. పది బర్రెలను ఒక్కతే పిండేటట్టు ఉన్నది. పాల ఇంటికి సరిపోయిన కోడలు అనుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీకు తెలిసిన సత్యనారాయణ సారు ఉన్నారు కదా, పాత నాటకాల కరపత్రాలు దాచుకున్న సారు. ఆయనకు ఒకసారి చూపించావా? ఊరంతా చెప్పేముందు చూపిస్తే మంచిది కదా అని.

ఇంకొకటి. దొరను ఎందుకు దించావు? తాత రోజూ దండం పెట్టిన ఫొటో. తాత మీది కోపం ఆయన మీద తీర్చుకున్నావేమో అనిపించింది.

దొరను నా మంచం ఎదురుగా తగిలించాను. పిల్లలెవరూ భయపడలేదు. మా వంటమనిషి జంగుబాయి అద్దం తుడిచి, చాలాసేపు నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లింది. ఆమె ఏమీ అనకుండా వెళ్లడం నేను చూడటం ఇదే మొదటిసారి.

అమ్మను మోకాళ్లకు నూనె రాసుకోమను.

నీ బిడ్డ
నందిని


కిషన్‌బాగ్,
జూన్ 23, 2023

నందినికి,

నువ్వు చెప్పినట్టే సత్యనారాయణ సారు దగ్గరికి వెళ్లాను. వెళ్లకపోయినా బాగుండేది.

వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. ఫొటోను వెలుతురులో పెట్టి ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. మళ్లీ అన్నాడు, మళ్లీ వినబడలేదు. మూడోసారి గొంతు చించుకొని అరిచాడు. "అన్నా, గీమె ఆడామె కాదే, మొగాయన." వీధిలో పోతున్న ఇద్దరు ఆగి మరీ నా వైపు చూశారు.

మెడ దగ్గర గొంతుముడి చూపించాడు. మణికట్టు చూపించాడు. ఆ రోజుల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారట. ఒకసారి చూపించాక నాకు కూడా మగవాడే కనబడ్డాడు, ఎంత ప్రయత్నించినా అమ్మ మళ్లీ కనబడలేదు.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకొని నవ్వింది. "ఇరవై దినాలు మొగాయనకు మల్లెపూలు పెట్టిన. అత్తగారని కాళ్లు గూడ మొక్కిన గదయ్యా" అన్నది. నేను నవ్వలేదు. అది చూసి ఆమె కూడా ఆపి, పక్కన కూర్చున్నది.

నువ్వు దొర గురించి రాసిన మాట కూడా గుచ్చుకున్నది. కోపంతో దించలేదు. జాగ లేక దించాను. నా మనసు నీకు కూడా అట్లా కనబడిందంటే నేనేం చెప్పను.

పాటగాళ్లందరినీ ఒక గోనెసంచిలో కట్టి ఖలీల్ భాయ్‌కి ఇచ్చేస్తాను. వాళ్లందరూ నోరు మూసుకొనే ఫొటో దిగారు, నాకేమో చెవులు లేవు. మా మధ్య ఇక మాటలేమున్నాయి. మేనత్తకు ఇంకా చెప్పలేదు, అదొక్కటి మంచిదైంది.

బాపు


ఉట్నూరు,
జూన్ 30, 2023

బాపూ,

సంచి కట్టకు. కట్టి ఉంటే విప్పు.

తప్పు నాదే. స్వీటీ పంపినప్పుడే ఆ చేతులు చూసి నాకు అనుమానం వచ్చింది. నీ సంతోషం చూసి మెచ్చుకోలుగా మార్చి రాశాను. దొర గురించి రాసింది కూడా నా తొందరపాటే. నీకు ఎవరి మీదా కోపం నిలవదని నాకు తెలుసు, తాత మీద తప్ప.

నూట పన్నెండు మందిని ఇంటికి తెచ్చినవాడివి, ఒక్కరు తప్పైతే అందరినీ వెళ్లగొడతావా? చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే మంచం పక్కన కూర్చొని వాళ్లను ఒక్కొక్కరినే చూపించేవాడివి. "ఈయన గొంతు ఇట్ల ఉంటుండె, ఈమె రాగం గట్ల తీస్తుండె" అని నువ్వే పాడి వినిపించేవాడివి. వాళ్ల మాటలు వినడానికి నీకు చెవులు ఎప్పుడు కావలసి వచ్చాయి?

నవ్వుకోవడానికి ఒక సంగతి. జంగుబాయి నీ దొరను మగవాడంటే ఒప్పుకోవడం లేదు. ఆమె చేతుల నిండా పచ్చబొట్లే, మోచేయి నుంచి వేళ్ల దాకా. నిన్న దొర చెయ్యి దగ్గర వేలు పెట్టి చూపించింది. "మేడం, మొగోని చేతికి గిట్ల ఎవరు పొడుస్తరు? ఆడపిల్లకు పొడిచే బొట్టు గిది" అన్నది. అది బూజు మరక అన్నాను. "మీరు చదువుకున్నోళ్లు, మరకలే కనపడ్తయి" అని వెళ్లిపోయింది.

నీ బిడ్డ
నందిని


కిషన్‌బాగ్,
జూలై 1, 2023

చిరంజీవి నందినికి,

నా ముందటి ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. గోనెసంచి మాట మరిచిపో.

ఈ రోజు పొద్దున బహదూర్‌పురా వెళ్లాను, యశోద మేనత్త దగ్గరికి. ఎనభై ఎనిమిదేళ్లు, కళ్లు మసక, నోరు మాత్రం పదును. నాకు చెవులు లేవు, ఆమెకు చూపు లేదు. స్వీటీని వెంట తీసుకుపోయాను. ఆమె అన్నది స్వీటీ కాగితం మీద రాసి ఇచ్చింది, నేను అడిగింది ఆమె విన్నది. మగవాడిని అమ్మ అనుకున్న కథ చెప్తే చాలాసేపు నవ్వింది. తర్వాత నేను అడిగాను, ఆడవేషాలన్నీ మగవాళ్లు కడితే, ఆ ఒక్క ఆడమనిషి ఏం వేషం కట్టేదని.

స్వీటీ రాసిన కాగితం దాచుకున్నాను, మాట మాట ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"రాజు యాషం. ఇంకేం గడ్తది? మీ అమ్మ పొడుగు మనిషి, గొంతు పెద్దది. మీసం పెట్టి కత్తి పడ్తే జనం కుర్సీలు ఇడిచి లేస్తుండిరంట. మా అమ్మ మమ్ముల డేరా లోపటికి పోనియ్యలే. మేము బయట నిలవడి పద్యం ఇన్నం."

అత్తా, ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వెన్నడన్న అడిగినవార ఏం యాషమని? ఫొటో ఉన్నదా అని అడిగినవ్. లేదన్న."

నిజమే బిడ్డా. ముప్పై ఏళ్లు చీర కట్టిన వాళ్లనే వెతికాను. ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు.

గుర్తు కూడా చెప్పింది. అమ్మ కుడిచేతికి, బొటనవేలికి చూపుడువేలికి నడుమ, చిన్న తేలు పచ్చబొట్టు. ముఖానికి రంగు పూసినా చేతికి పూసేది కాదట, కత్తి పట్టు జారుతుందని. ఇంటికి వచ్చి మంచం ఎండలో వేయించాను. నూట పన్నెండులో రాజులు పదకొండు మంది. భూతద్దంతో పదకొండు మంది కుడిచేతులు చూశాను. ఉంగరాలున్నాయి, తేలు లేదు. అయినా నేను దిగులు పడలేదు. ఇప్పుడు దేనికోసం వెతకాలో తెలిసింది. వచ్చే శనివారం ఖలీల్ భాయ్‌కి కొత్త మాట చెప్తాను, మీసాలున్న అమ్మను వెతుకు అని.

మేనత్త ఇంకొక మాట అన్నది, అది మాత్రం మింగుడుపడలేదు. మా నాయనమ్మ ఒట్టు పెట్టించుకున్నదట, ఆ ఆడదాని ఫొటో నా ఇంట్లో ఉండొద్దని. "మా అన్న ఒట్టు తప్పలే" అని గొప్పగా చెప్పింది. తప్పలేదంటే కాల్చాడనే కదా. ఒట్టు కంటే పిల్లవాడు చిన్నవాడయ్యాడు.

ఆశతో,
బాపు


ఉట్నూరు,
జూలై 8, 2023

బాపూ,

ఈ ఉత్తరం కూర్చొని చదువు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకో. స్వీటీ ఫోనుకు ఏమీ పంపలేదు. ఈ మాట అందరికంటే ముందు నువ్వే చదవాలి.

నీ ఉత్తరంలో తేలు అన్న మాట దగ్గర ఆగిపోయాను. లేచి దొర దగ్గరికి వెళ్లాను. సైన్సు గది నుంచి భూతద్దం తెప్పించాను. కత్తి పిడి మీద కుడిచెయ్యి. బొటనవేలికి చూపుడువేలికి నడుమ, నేను బూజు మరక అన్న చోట, రెండు కొండీలు, వంగిన తోక. జంగుబాయి నా భుజం మీదుగా చూసి "తేలే" అన్నది.

ఫ్రేము వెనక ఎన్ని మేకులో బాపూ. ఇరవై నాలుగు. ఎవరూ విప్పకూడదని కొట్టినట్టు ఉన్నాయి. మా వాచ్‌మన్ ఒక్కొక్కటే పీకాడు. లోపల అట్ట మీద ఊదారంగు ముద్ర. కోకిల విలాస నాటక సమాజం, హైదరాబాదు మకాం. ముక్కుకు ఎడమవైపు చిన్న చుక్క ఉన్నది, పుడక తీసిన రంధ్రం.

ఆయన దేవిడీ దొర కాదు. మీ నాయన పాలు పోసిన దొర ఎట్లా ఉండేవాడో మనలో ఎవరికీ తెలియదు. తాత అన్నాడు కాబట్టి నమ్మాం.

తాత ఒట్టు తప్పలేదు బాపూ. ఆడమనిషి ఫొటో ఇంట్లో పెట్టలేదు.

మళ్లీ మేకులు కొట్టించలేదు. ఫొటోను తెల్లటి బట్టలో చుట్టి నా బీరువాలో పెట్టాను. జంగుబాయి ఆ బట్ట మీద పసుపు కుంకుమ పెట్టింది. పార్సిల్ చేయమంటావా?

నందిని


కిషన్‌బాగ్,
జూలై 14, 2023

నా తల్లీ నందినీ,

పార్సిల్ చేయకు. ఒకసారి అమ్మను గడ్డి చుట్టి, తాడు కట్టి లారీలో ఎక్కించినవాడిని, రెండోసారి చేయను. నేనే వస్తున్నాను. ఆదివారం పొద్దున బస్సు, నేను, మీ అమ్మ. మోకాళ్లు నొప్పి కదా అంటే "అత్తగారిని తీస్కరానికి కోడలు పోకపోతె ఎట్ల, ఈసారి నిజం అత్తగారే గద" అన్నది.

నీ ఉత్తరం పోస్టుమన్ డానియేలు చేతికిచ్చాడు. అరుగు మీదే చదివాను. చదివి ఏం చేశానో నాకు గుర్తు లేదు. నేను ఏడుస్తూ నవ్వుతున్నానని, బర్రెలు కూడా మేత ఆపి చూశాయని నందు చెప్తున్నాడు. వీధిలో అందరికీ లడ్డూలు పంచాను. ఏం సంగతి అని అడిగితే మా దొర మా అమ్మ అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు, లడ్డూలు మాత్రం తిన్నారు.

ఆ ముఖం చూడటానికి నాకు ఫొటో అక్కరలేదు బిడ్డా. కళ్లు మూసుకుంటే వస్తుంది. ఏడో తరగతి పరీక్షకు పోయే రోజు మా నాయన నన్ను దాని ముందు నిలబెట్టాడు. "దొర నన్నే చూస్తున్నడు నాయనా" అన్నాను. "నిన్నే చూస్తడు. ఇంకెవరిని చూస్తడు రా" అన్నాడు. నేను పాసైతే ముందు దొరకు చెప్పించాడు. నా పెళ్లికి తలంబ్రాల బట్టలతో మీ అమ్మను, నన్ను ముందు దొర దగ్గరికే తీసుకుపోయాడు. నువ్వు పుట్టినప్పుడు పదకొండో రోజున ఎత్తుకొని అక్కడే చూపించాడు. నాకు అమ్మ లేని రోజు ఒక్కటీ లేదు. నేనే ఎరగలేదు.

ఆయన రోజూ ఊదుబత్తి వెలిగిస్తుంటే పెద్దవాళ్ల ఉప్పు తిన్న భయం అనుకున్నాను. మా నాయనమ్మ కూడా ఆ ఫొటోకు దండం పెట్టి పోయింది. కోడలిని ఇంట్లో ఉండనీయనన్న మనిషి పదేళ్లు కోడలికి మొక్కింది. మా నాయన ఆ పక్కనే నిలబడి ఏ ముఖం పెట్టుకొని చూసి ఉంటాడో. ఆయన నవ్వేవాడు కాదు, తెలుసు కదా. ఎంత కష్టపడి ఆపుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

తలుపు ఎదురుగా ఉన్న మేకు ఖాళీ చేశాను. ఆ పట్టుచీర పెద్దమనిషిని పక్కకు జరిపాను, తీసేయలేదు. ఒకే కంపెనీ కదా, రాజు పక్కన రాణిగా నిలబడి పాడి ఉంటాడు. సుశీలమ్మ పెట్టిన మల్లెపూలు ఊరికే పోలేదు. ఇటు రాణి, మధ్యలో అమ్మ, అటు మా నాయన. ఖలీల్ భాయ్ కొత్త ఫ్రేము కట్టి ఉంచాడు, వెనక మేకులు లేవు, తిప్పితే తెరుచుకునే కొక్కెం. ఇకనుంచి ఎవరికి కావాలంటే వాళ్లు విప్పి చూసుకోవచ్చు. "చాచా, అబ్ శనివార్ కో నహీ ఆవోగే క్యా" అని, ఇక శనివారాలు రావా అని, దిగులుగా అడిగాడు. ఎందుకు రాను, మిగతావాళ్ల పిల్లలు కూడా ఎక్కడో వెతుకుతుంటారు కదా అన్నాను. నూట పన్నెండు మంది వెనకాల పేర్లు రాయడం మొదలుపెట్టాను.

జంగుబాయికి మీ అమ్మ చీర తెస్తున్నది. ఆమె కళ్లకు నేను దండం పెట్టుకోవాలి.

మీ బాపు,
మాణిక్యమ్మ కొడుకు బాలనర్సింహ

తా.క. నాకు ఫోను వినబడదు కాబట్టి ఈ అందరికీ నువ్వే చెప్పాలి, మెట్ల మీద టవర్ ఉన్నప్పుడే చేయి:

యశోద మేనత్తకు. గట్టిగా చెప్పనక్కరలేదు, ఆమెకు చెవులు బాగున్నాయి. ఆమె డేరా బయట విన్న రాజు ఇన్నాళ్లూ వాళ్ల అన్న ఇంట్లోనే ఉన్నాడని చెప్పు.

వైకుంఠం బావకు, శంషాబాద్‌లో. ఆయన పెళ్లి ఫొటోలో వెనక దొర పడ్డాడు. వెతికి తీయమను.

బాలరాజ్ తమ్ముడికి. మా నాయన రెండో పెళ్లి చేసుకున్న చిన్నమ్మ కొడుకు, మెల్లగా చెప్పు. వాళ్లమ్మ కూడా రోజూ ఆ ఫ్రేము తుడిచింది. తెలిసే తుడిచిందేమో అని నాకు అనిపిస్తున్నది, ఆ మాట కూడా చెప్పు.

ఈశ్వరయ్య మామకు. దొరల ఫొటో మీకెందుకురా అని వెక్కిరించేవాడు. ఆయనకు రెండుసార్లు చెప్పు.

ఖలీల్ భాయ్ వాళ్ల అమ్మీకి, చుట్టం కాకపోయినా. నా కోసం ముప్పై ఏళ్లు దువా చేసింది.

మా నాయన లక్ష్మయ్యకు. ఈ పేరు కూడా రాసి, మళ్లీ కొట్టేశాను. ఆయనకు తెలుసు.